సామ్రాజ్యానికి బదులు పలికిన ఏడాది

షకీలా ఫోను చేసేసరికి నేను చాప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. షకీలా మా చెల్లెలి కూతురు. చిన్నప్పుడు మేమిద్దరం అక్కాచెల్లెళ్లం చదివిన మునిసిపల్ బడిలోనే ఇప్పుడు టీచరు. "పెద్దమ్మా, మా బడిని పెద్ద బడిలో కలిపేస్తన్నారు. పిల్లలు చాలటం లేదంట. ఈ వారంతో మూసేసినట్టే. ఒకసారి వచ్చి చూసి పోరాదా?" అంది. "మూసేసే బడిని చూడటానికి నరసరావుపేట నించి పరిగెత్తుకుంటా రావాలా? నాకేం పని లేదనుకున్నావా ఏందే?" అని కసిరాను. కసిరానే గానీ తెల్లారి మొదటి బస్సుకే బయలుదేరాను. దిగేసరికి చేతుల మంట ఇంకా తగ్గలేదు.

ఊరి పేరు చెప్పను. పల్నాడులో నాపరాళ్ల లారీలు తిరిగే ఊళ్లలో అదొకటి అనుకోండి, చాలు. వీధి మారిపోయింది. సెల్‌ఫోన్ల కొట్లు, మోటారు సైకిళ్లు, ప్రైవేటు బడుల పసుపుపచ్చ బస్సులు. బడి మాత్రం అక్కడే ఉంది. అదే గదుల వరస, అదే వసారా, అవే నాపరాళ్లు పరిచిన నేల. షకీలా తరగతిలో పిల్లల్ని నిలబెట్టి, ఫోను పైకెత్తి మొహాలు ఫొటో తీసి హాజరు వేసుకుంటోంది. పేర్లు పిలవడం లేదు. పలికేవాళ్లూ లేరు. గది అంత నిశ్శబ్దంగా ఉండటం నాకు కొత్తగా తోచింది. అప్పుడే నా చూపు వీధివైపున్న ఊచల కిటికీ మీద పడింది, ఒళ్లు ఝల్లుమంది. అరవై దాటినదాన్ని, మనవలున్నదాన్ని, కిటికీని చూసి భయపడటమేమిటని సిగ్గేసింది కూడా. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అయినా ఆ కిటికీ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ నాకు నేనే నచ్చచెప్పుకుంటున్నట్టుగా ఉంటుంది.

మేము ఆ ఊరు వచ్చింది నాన్న షెడ్డు కోసం. నాన్న లారీ మెకానిక్కు. గురజాలలో ఎవరి దగ్గరో పనిచేసి, ఇక్కడ దాచేపల్లి వైపు పోయే లారీలు ఎక్కువని విని సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, తిట్లు మాత్రం శుభ్రమైన తెలుగులో. ఇల్లంతా డీజిలు వాసన. నాన్న చేతులకు కిరసనాయిలు రాసి, రంపపు పొట్టుతో రుద్ది, వేణ్నీళ్లతో కడుక్కున్నా ఆ వాసన అన్నంలోకి వచ్చేది. మేము అయిదుగురం పిల్లలం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చునేవాళ్లం. అమ్మ మధ్యలో కూర్చుని ముద్దలు కలిపి వరసగా చేతుల్లో పెట్టేది. ముద్ద వేసేటప్పుడు పేరు పిలిచి వెయ్యడం ఆమె అలవాటు. పిలవకపోతే మాలో ఎవడో ఒకడు రెండుసార్లు చెయ్యి చాచేవాడు మరి.

నన్ను నాలుగో తరగతిలో చేర్చారు. ఆ రోజుల్లో బడికి ఏది రావాలన్నా పిల్లల తలలను బట్టే వచ్చేది. ఉప్మాకి గోధుమ నూక, పాలపిండి, నూనె, చాక్‌పీసులు, ఆఖరికి టీచరు కూడా. ఇంటిపన్నుతో పాటు బడి కోసమని జనం కట్టేదీ ఉంది, కానీ పైకప్పు పెంకులు మార్చమని అడిగినప్పుడల్లా నిధుల్లేవనే మాటే వినపడేది. హెడ్మాస్టరు గారు చాక్‌పీసును నాలుగు ముక్కలు చేసి, ఒక్కో టీచరుకి ఒక్కో ముక్క ఇచ్చేవాడు. పిల్లలేమో నిలకడగా ఉండేవాళ్లు కాదు. మిరప కోతలకి తల్లిదండ్రుల వెంట నూజెండ్ల వైపు పోయేవాళ్లు కొందరు, రాళ్ల గనుల్లోకి పోయేవాళ్లు కొందరు. పని అయిపోయాక మళ్లీ వచ్చేవాళ్లే, కానీ ఈలోగా పేరు కొట్టేస్తే తల తగ్గుతుంది, తల తగ్గితే టీచరు పోస్టు పోతుంది. అందుకని ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. దానికి బదులు పలకడం అని పేరు. ప్రతి పిల్లకీ తన పేరుతో పాటు ఊరు పోయిన ఇంకో పిల్ల పేరు అప్పగించేవారు. హాజరు పిలిచేటప్పుడు రెండింటికీ పలకాలి. ఎప్పుడే ఆఫీసరు వచ్చి వాకిట్లో నిలబడతాడో తెలియదు కాబట్టి రోజూ పలకాలి. పలకడానికి మేమేం సిగ్గుపడలేదు. పొరుగింటి పిల్లకి బలపం దాచిపెట్టినట్టే అనుకునేవాళ్లం.

నేను చేరిన రోజు విమల టీచరు నన్ను చూసి తటపటాయించింది. ఆవిడ సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేది. పిల్లల్ని కొట్టడం చేతకాని మనిషి. ఆ పోస్టు పోతే ఆవిడే పోవాలి. "కొత్తపిల్లకి బదులు పేరు ఇవ్వాలి గదా సార్, అదొక్కటే మిగిలింది" అంది హెడ్మాస్టరుతో. ఆయన నావైపు చూడకుండా, "ఇయ్యండి. ఊరికి కొత్త గదా, ఏం కాదులే" అన్నాడు. నాకిచ్చిన పేరు సామ్రాజ్యం. ఆవిడ పిలిచింది, నేను లేచి పెద్దగా "ప్రెజెంట్ టీచర్" అన్నాను. తరగతి మొత్తం తలలు తిప్పి నన్ను చూసింది. ఎవరూ నవ్వలేదు, గుసగుసలాడలేదు. పక్కన కూర్చున్న అంకమ్మ తన పలకా సంచీ తీసుకుని అవతల వరసలోకి పోయింది. నా ఖర్మకి నాకు చూపించిన చోటు కూడా కిటికీ పక్కది. ఆ చోట్లో ఎవరూ కూర్చోకుండా ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు నాకేం తెలుసు?

మర్నాడు అంకమ్మే చెప్పింది, ఉప్మా వరసలో నిలబడి, నావైపు చూడకుండా. "ఆ పిల్ల ఊరికి పోలేదే. చచ్చిపోయింది. మొన్న ఎండాకాలం పచ్చకామెర్లొచ్చి. ఆ పేరు ఎవరికిచ్చినా మేం పలకమన్నాం. నీకిచ్చారు." నా చేతిలో ఆకు జారింది. చచ్చిపోయిన పిల్ల పేరు ఎందుకు కొట్టెయ్యలేదని అడిగితే, "వాళ్లమ్మ వచ్చి సార్ కాళ్ల మీద పడింది, కొట్టెయ్యమాకండి అని. సార్ కూడా ఊరుకున్నాడు" అంది. ఆ వరసలో ఒక ఆకు ఎక్కువ ఉండేది, చివర గోడ పక్కన. దానిలోనూ గరిటెడు ఉప్మా వేసేది ఆయా. లెక్క ప్రకారం వచ్చిన నూక లెక్క ప్రకారం వండాలి గదా. ఎవరూ దాని జోలికి పోయేవాళ్లు కాదు. అంతమంది ఆకలి పిల్లల మధ్య ఆ ఉప్మా అలా చల్లారిపోతూ ఉండేది, చివరికి కాకులు తినేవి.

మూడో రోజో నాలుగో రోజో, హాజరు పిలుస్తుండగా కిటికీ చీకటైంది. తల తిప్పితే ఊచల అవతల ఒకామె నిలబడి ఉంది. నిండు మనిషి, నుదుట పెద్ద బొట్టు, చేతులకి బెల్లం పాకం. బడికి ఎదురుగా ఇంటి అరుగు మీద బొరుగులు, వేరుశనగ ఉండలు, పలకలు, బలపాలు అమ్మే కోటమ్మ. వాళ్లాయనకి బజార్లో కిరాణా కొట్టు. సామ్రాజ్యం తల్లి ఆమే. రోజూ మొదటి గంటకి చేతిలో పని వదిలేసి వచ్చి అక్కడ నిలబడుతుందని, నేను చేరిన ఆ రెండు మూడు రోజులే జ్వరమొచ్చి రాలేదని తరవాత తెలిసింది. విమల టీచరు పేర్లు చదువుతుంటే ఆమె పెదవులు కూడా కదిలేవి. బడి తెరిచిన దగ్గర్నించీ నేను వచ్చిందాకా ఆ పేరుకి పలికినవాళ్లు లేరు. టీచరు పిలవడం, కాసేపు ఆగడం, తరవాతి పేరుకి పోవడం. ఆ రోజు ఆమె వింటుండగా నేను పలికాను. కోటమ్మ ఊచ పట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు. నన్నే చూస్తూ, గట్టిగా ఊపిరి వదిలి వెళ్లిపోయింది. ఊచకి అంటిన బెల్లం మీద చీమలు పట్టాయి.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. వీధిలో పిట్ట లేదు. నేను నీళ్లు తాగడానికి కుళాయి దగ్గరికి పోతుంటే, అరుగు మీద నించి, "సామ్రాజ్యం! ఇట్టా రా!" అని కేకేసింది. రోజూ పిలిచే పిల్లని పిలిచినట్టు, విసుగ్గా, ప్రేమగా పిలిచింది. నేను ఎందుకు పోయానో చెప్పలేను. ఆకలి అనుకోండి. నెయ్యి వేసిన పప్పన్నం, దోసకాయ పచ్చడి. ఇంగువ, చింతపండు, బెల్లం వాసనలు కలిసిన చల్లటి ఇల్లు. ఒక్క పిల్లకే ఒక పళ్లెం ఉండటం నేను అదే చూడటం. మొదట వసారాలో పెట్టింది. రెండో వారానికి వంటింటి గడపలో, ఆ తరవాత పొయ్యి పక్కనే. వీధిలో వాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. "దూదేకుల పిల్లని వంటింట్లోకి రానిస్తందంట, మతి పోయిందా ఏంది ఈమెకి?" అని ఆమెకి వినపడేటట్టే అన్నారు. కోటమ్మ పట్టించుకోలేదు. ఆమె లెక్కలో ఆ వంటింట్లోకి వచ్చింది దూదేకుల పిల్ల కాదు.

ఒకసారి తల దువ్వుతానని దువ్వెన తెమ్మంది. నేను లేచి నేరుగా పడకగదిలో తలుపు వెనకున్న గూట్లోంచి తెచ్చాను. ఆమె మొహం పాలిపోయింది. "ఆడుందని నీకెట్టా తెలుసే?" అంది. అన్ని ఇళ్లలోనూ దువ్వెన ఏదో ఒక గూట్లోనే ఉంటుంది, ఇంకెక్కడ ఉంటుందని ఇప్పుడు నేను వాదించగలను. అప్పుడు మాత్రం దువ్వెన ఆమె చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంకొకటి ఎడమచెయ్యి. నేను బలపం ఎడమచేత్తో పట్టడం మొదలెట్టాను. కిటికీ గోడ కుడిపక్కన తగులుతూ ఉండేది, మోచెయ్యి ఆడక మారి ఉంటాను. కానీ నా పలక చూసి విమల టీచరు గతుక్కుమంది. దగ్గరికొచ్చి నా చేతిలోంచి బలపం తీసి కుడిచేతిలో పెట్టింది. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి. "ఆ పిల్లది ఎడమచెయ్యే" అని అంకమ్మ ఎవరితోనో అనడం విన్నాను. ఆ రాత్రి పడుకోబోయేముందు నా రెండు చేతులూ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాను.

నాకు భయం లేదా అంటే, ఉంది. కానీ నెయ్యన్నం కూడా ఉంది, తలలో నూనె పెట్టే చెయ్యి ఉంది, ఇంకెవరికీ వాటా లేని ఒళ్లో తలపెట్టుకోవడం ఉంది. కోటమ్మ మంచిది. నిజంగా మంచిది. కథల్లో మాదిరి పీక్కుతినే మనిషి కాదు. జడ వేస్తూ కొట్లోకి వచ్చినవాళ్లతో బేరాలాడేది, ఉండల పాకం ముదిరిందని తనను తాను తిట్టుకునేది, నేను లెక్కలు తప్పు చేస్తే మొట్టేది. ఒక్కటే, నా అసలు పేరు ఏదని ఆమె ఎన్నడూ అడగలేదు. నేను చెప్పబోతే, "ఉండవే, జడ వదులైపోద్ది" అని తల గట్టిగా లాగేది.

ఒకరోజు పొద్దున ఇంట్లో అమ్మ ముద్దలు కలుపుతూ వరసగా పేర్లు పిలుస్తోంది. అన్నయ్యలిద్దరూ తీసుకున్నారు. "మస్తాన్‌బీ" అంది. నా ముందు చెయ్యి చాచి మళ్లీ "మస్తానీ" అంది. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. వినపడింది. ఎవరినో పిలుస్తోంది, ఆ పిల్ల పలకదేమిటి అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. అమ్మ ముద్ద వదిలేసి, నా గడ్డం పట్టుకుని తిప్పి, నా కళ్లలోకి చూసింది. "ఏమే, నిన్నే. ఎవరే నువ్వు?" అని అడిగింది. చెల్లెలు ఏడుపు ఎత్తుకుంది. నాకు అప్పుడు తెలిసి, "అమ్మా నేనే" అని గట్టిగా అరిచాను. ఎవరో చెప్పవే అంటే మాత్రం పేరు నాలిక మీదికి రావడానికి ఆలస్యమైంది.

ఆ రోజే అమ్మ నన్ను దర్గాకి లాక్కుపోయింది. సాంబ్రాణి పొగ, నెత్తిన నెమలీకల కట్ట, మెడలో నల్లతాడు తాయెత్తు. అక్కణ్నించి తిన్నగా బడికి. బురఖా కూడా సరిగ్గా సర్దుకోలేదు. ఎన్నడూ మగవాళ్ల ముందు గొంతెత్తని మా అమ్మ హెడ్మాస్టరు బల్ల ముందు నిలబడి, "నా బిడ్డ పేరు నాకు ఇచ్చెయ్యండి సారూ. చచ్చిన పిల్లని నా పిల్ల నెత్తినెట్టారు. మీ పోస్టులు మీరే చూసుకోండి" అంది. ఆయన లేచి నిలబడ్డాడు. మంచివాడే ఆయనా. "అమ్మా, నీ బాధ తెలుసు. నెలాఖరుకి ఇన్‌స్పెక్షన్. తల ఒక్కటి తగ్గినా ఈ తరగతికి టీచరుండదు. మూడు తరగతులు నేనొక్కణ్నే ఒక గదిలో కూర్చోబెట్టుకోవాలి. అందులో నీ పిల్లలూ ఉన్నారు. ఇన్‌స్పెక్షన్ అయిందాకా ఓపిక పట్టు, ఆ సాయంత్రమే పేరు కొట్టేస్తా" అన్నాడు. వసారాలో విమల టీచరు దగ్గు ఆపుకుంటూ నిలబడి ఉంది. అమ్మ ఆవిణ్ని చూసింది, నన్ను చూసింది. "అయిందాకానే" అని, నా రెక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఆ నెలంతా బడి వదిలే వేళకి వచ్చి వాకిట్లో నిలబడేది. అమ్మ అటువైపు, కోటమ్మ ఇటువైపు. ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోలేదు. మధ్యలో నేను.

ఇన్‌స్పెక్షన్ రోజున వాకిలంతా కళ్లాపి చల్లి ముగ్గేశారు. ఇన్‌స్పెక్టరు గారు వస్తూనే హాజరుపట్టీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఈ బదులు పలకడం సంగతి ఆయనకెవరో చెప్పినట్టున్నారు. "నేనే పిలుస్తా. పలికిన వాళ్లు లేచి బయట వసారాలో కూర్చోవాలి. పలకని పేరు ఇక్కడే కొట్టేస్తా" అన్నాడు. హెడ్మాస్టరు మొహంలో నెత్తురు లేదు. బయటికి పోయిన పిల్ల మళ్లీ లోపలికి వచ్చి రెండో పేరుకి పలకలేదు గదా. ఊరు పోయిన పిల్లలకి కబుర్లు పంపి, ఎలాగో తిప్పలు పడి అందర్నీ ముందే రప్పించాడాయన. రప్పించడానికి వీల్లేని పేరు ఒక్కటే. ఆయన నా పక్కనించి పోతూ వంగి, "నీ పేరొస్తే ఊరుకోమ్మా. సామ్రాజ్యానికి పలుకు. నీ పేరు రేపు మళ్లీ రాస్తా, నీదైతే బతికున్న పేరు, రాయొచ్చు" అన్నాడు. నా పేరు కొట్టేసి ఆ పేరు ఉంచుతారు. నేను అక్కడ కూర్చుని ఉండగానే నేను లేనట్టు.

మగపిల్లల పేర్లు అయ్యాయి. ఆడపిల్లలు ఒక్కొక్కళ్లే లేచి పోతున్నారు. అంకమ్మ పోయింది. గది ఖాళీ అవుతోంది, గొంతులు గోడలకు తగిలి పెద్దగా వినపడుతున్నాయి. కిటికీ దగ్గర కోటమ్మ ఉంది. వాకిట్లో అమ్మ ఉంది. "మస్తాన్‌బీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నేను నోటికి పైట అడ్డం పెట్టుకున్నట్టు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "మస్తాన్‌బీ" అన్నాడు మళ్లీ. పెన్ను కాయితం మీద ఆనింది. అప్పుడు వసారా వైపు నించి, చాలా దగ్గరగా, సన్నటి ఆడపిల్ల గొంతు, "ప్రెజెంట్ సార్" అంది.

ఆయన తలెత్తకుండా టిక్కు పెట్టాడు. ముందే బయటికి పోయిందనుకున్నాడేమో. వసారాలో పిల్లల్లోనే ఎవరో పలికి ఉంటారు. అదే అయి ఉంటుంది, ఇంకేముంటుంది? తరవాత నేను ఒక్కొక్కళ్లనే అడిగాను, బతిమాలాను, గిల్లాను. ఎవరూ మేమన్నామని చెప్పలేదు. అంకమ్మ మాత్రం తనకు ఎదురుగా గోడ పక్కన, ఎవరూ కూర్చోని చోటు నించి వినపడిందని ఏడ్చింది. అంకమ్మకి చిన్నప్పటి నించీ లేనివి చెప్పే అలవాటు ఉంది. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ గొంతు నాది కాదు. నా నోరు నా చేతికింద మూసుకుని ఉంది, వేళ్లకి నా పళ్లు తగులుతున్నాయి. ఆ గొంతు వినగానే కోటమ్మ మొహం చూశాను. ఆమె నావైపు చూడటం లేదు. వసారా వైపు తిరిగి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఒంట్లో ప్రాణం లేనట్టు నిలబడి ఉంది.

"సామ్రాజ్యం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. లేచాను. హెడ్మాస్టరు కళ్లతోనే పలకమంటున్నాడు. నేను నోరు తెరిచేలోపల కిటికీలోంచి కోటమ్మ అంది, గట్టిగా కాదు, కొట్లో బేరం చెప్పినంత మామూలుగా. "లేదు బాబూ. ఆ పిల్ల లేదు. ఎండాకాలంలోనే పోయింది. నేను దాని తల్లిని." ఇన్‌స్పెక్టరు పెన్ను బల్ల మీద పెట్టాడు. ఆ తరవాత లేచి కిటికీ వైపు చేతులు జోడించి, మళ్లీ కూర్చుని, గీత కొట్టాడు. గీత కొట్టిన చప్పుడు నాకు వినపడింది.

ఆ నెల దాటగానే విమల టీచరుకి వేరే ఊరు వేశారు. పోయేరోజు ఆవిడ కోటమ్మ అరుగు మీద కూర్చుని ఉండలు కొనుక్కుని మాకు పంచింది, ఒక్క మాట అనలేదు. ఊళ్లోవాళ్లు మాత్రం అన్నారు. "ఒక్క క్షణం నోరు మూసుకుంటే పోయేదేముంది? పిల్లలకి పంతులమ్మ లేకుండా చేసింది" అని కోటమ్మ కొట్లో బలపం కూడా కొనడం మానేశారు కొన్నాళ్లు. మూడు తరగతులూ ఒక గదిలో, హెడ్మాస్టరు గొంతు చించుకోవడం, మేము మధ్యాహ్నానికల్లా గోడకి ఆనుకుని నిద్రపోవడం. అయిదో తరగతి ఎక్కాలు నేను నాన్న షెడ్డులో కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఒక నిజం చెప్పినందుకు ఒక బడి అంతా అనుభవించింది. ఎవరిది తప్పని నన్ను అడక్కండి. నాకు ఇప్పటికీ తెలియదు.

ఇదంతా షకీలాకి చెప్పాను. ఆమె చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. "ఇప్పుడు ఒకరికి బదులు ఒకరు పలకటం కుదరదు పెద్దమ్మా. మొహం చూసి పట్టేసిద్ది" అంది. కుదరదు, నిజమే. మేము అబద్ధమాడి టీచర్ని నిలబెట్టుకోవాలని చూశాం. వీళ్లు రోజూ నిజమే చెబుతున్నారు, పొద్దున్నే, క్షణంలో, ఎక్కడికో పైకి. ఆ నిజం ప్రకారమే బడి పోతోంది. అప్పుడైనా ఇప్పుడైనా లెక్కపెట్టేది తలలనే. అప్పట్లో ఆ లెక్క చుట్టూ మనుషులు తిరిగేవాళ్లు, కాళ్లు పట్టుకునేవాళ్లు, కిటికీల దగ్గర నిలబడేవాళ్లు. ఇప్పుడు ఈ బడి కోసం కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డది నేనొక్కదాన్నే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక షకీలా మీద విసుక్కున్నాను. పాపం, ఆ పిల్లేం చేస్తుంది?

"మరి ఆమె ఏమైంది, ఆ కోటమ్మ? నీతో ఏమీ అనలేదా?" అని అడిగింది షకీలా. అంది. ఇన్‌స్పెక్షన్ అయిన సాయంత్రం అమ్మ నాకోసం వాకిట్లో లేదు. గండం గడిచిందని ముందే ఇంటికి పోయింది. నేను అలవాటు చొప్పున వీధి దాటి అరుగెక్కాను. కోటమ్మ గడపలో కూర్చుని ఉంది. పొయ్యి రాజేయలేదు, ఇంట్లో ఏ వాసనా లేదు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది. "అత్తా, నా పేరుకి పలికింది నువ్వా?" అని అడిగాను. "నేనెందుకు పలుకుతానే? నా బిడ్డ గొంతు నాకు తెలవదా?" అంది. "ఇన్నాళ్లూ నువ్వు దానికి బదులు పలికావు. నీ పేరు పోతా ఉంటే అది వచ్చి నీకు బదులు పలికింది. నేను పిలుస్తా ఉంటే అది యాడికీ పోలేకుండా ఉందే. చానా అలిసిపోయిన గొంతు అది. ఇంక పిలవకూడదు." నాకు ఒళ్లంతా చలి పుట్టింది. అయినా ఆమె పక్కకి జరిగి కూర్చుని, తల ఆమె ఒళ్లో పెట్టబోయాను.

ఆమె నా తలని రెండు చేతులతో మెల్లిగా ఎత్తింది. జడలో వదులైన రిబ్బను ముడేసింది. "మస్తాన్‌బీ" అంది. కొత్త మాట పలికినట్టు ఆగి ఆగి అంది. "ఇంటికి పోమ్మా. మీ అమ్మ చూస్తా ఉండిద్ది. మళ్లీ ఈ గడప ఎక్కమాక." ఆమె నన్ను నా పేరుతో పిలవడం అదే మొదలు, అదే ఆఖరు. నా పేరు నాకు దక్కినందుకు సంతోషించాలని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? ఒక తల్లి నన్ను తన ఇంట్లోంచి పంపేసిందని మాత్రం తెలిసింది. షెడ్డు దాకా ఏడుస్తూనే నడిచాను.